నురగ పొంగే పావుగంట

నురగ రైఫిల్ గొట్టం అవతలి కొసకి చేరడానికి కాస్త సమయం పట్టింది. ముందు తెల్లటి బుడిపె ఒకటి కనిపించింది. అది ఉబ్బింది, వణికింది, చిట్లకుండానే పక్కకి వాలి కింద పరిచిన పాత పేపరు మీదికి జారింది. దాని వెనకే ఇంకొంచెం వచ్చింది.

"చాలు," అన్నాడు శశిభూషణ్, డబ్బా మీంచి వేలు తీసి. "ఇక పావుగంట వదిలేయాలి. పని అదే చేసుకుంటుంది."

కడ్డీ కొసకి సన్నటి ఇత్తడి బ్రష్ బిగించి, నురగ నిండిన గొట్టంలోకి మెల్లగా తోసి, దాన్ని అక్కడే వదిలేశాడు.

"బ్రష్ లోపల ఉంచమని డబ్బా మీద లేదు సార్," అంది సుప్రజ. ఎమ్మెస్సీ చదివే పిల్ల. రైఫిల్ పోటీలకి తయారవుతోంది. ఈ నురగ డబ్బా తెప్పించిందీ ఆమే.

"డబ్బా మీద రాసినవాడు మన రైఫిళ్ళు చూశాడా? మురికి నానాలంటే బ్రష్ కూడా దాంతోపాటే నానాలి. ఇది నా పద్ధతి."

రైఫిళ్ళు శుభ్రం చేసే కరుణ రెండడుగులు వెనక్కి జరిగి వరండా గోడకి ఆనుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్ల మీద రైఫిల్ ఉండగా ఆమె చేతులు ఖాళీగా ఉండటం ఈ పందొమ్మిదేళ్ళలో ఇదే మొదలు. రైఫిల్ బయటికి తీస్తే బోల్టు విప్పాలి, సన్నటి తాడుకి గుడ్డపేలిక తగిలించాలి, గొట్టంలోంచి లాగాలి. ఆ పేలికని ఈ యూనివర్సిటీ షూటింగ్ రేంజిలో అందరూ చిందీ అంటారు. చిందీ నల్లగా వస్తే ఇంకో చిందీ. తెల్లగా వచ్చేదాకా చిందీ తర్వాత చిందీ. చివర ఒక చుక్క నూనె. ఆ తర్వాత గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూడటం. ఆ చూపు కోసమే ఆమెకి ఆ పని ఇష్టం. లోపల గోడకి చెక్కిన సన్నటి గాళ్ళు మెలికలు తిరుగుతూ దూరంగా పోయి, చివర పావలా బిళ్ళంత వెలుగు దగ్గర ఆగేవి.

ఏప్రిల్ ఎండ అప్పుడే గ్రౌండు మీదికి పాకుతోంది. రేంజి వెనక బూరుగు చెట్టు కాయలు పగిలి దూది గాలిలో తేలుతోంది. కొంత వరండాలోకి వచ్చి, బల్ల మీది నురగ పక్కన వాలింది. ఏది దూదో, ఏది నురగో ఒక క్షణం తెలియలేదు. గుళ్ళని ఆపే మట్టికట్ట అవతల ఎక్కడో నెమలి అరిచింది. బాత్రూం కడిగే మందుకీ జుట్టుకి వేసే రంగుకీ మధ్యలో ఉండే వాసన ఒకటి మెల్లగా అంతటా పరుచుకుంది. కరుణకి కళ్ళు మూసుకోవాలనిపించింది.

"టైమైంది," అన్నాడు శశిభూషణ్.

బ్రష్ పదిసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి, తీసేసి, కొత్త చిందీ తోశాడు. గుడ్డ అవతలి నుంచి బయటపడింది. ముగ్గురూ వంగి చూశారు.

గుడ్డ మీద నల్లటి మరకల చుట్టూ నీలం ఉంది. మామూలు నీలం కాదు, పొలంలో మందు కొట్టడానికి కలిపే మైలుతుత్తం రంగు.

 శశిభూషణ్ గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. ఆయన కోపిష్టి కాదు. రేంజికి ఇన్‌చార్జిగా వచ్చిన ఈ నెలరోజుల్లో ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"ఇది శుభ్రం చేసి ఎన్నాళ్ళయిందమ్మా?"

"మొన్న శుక్రారమే జేసిన సార్. ప్రతి శుక్రారం జేస్త."

"ఇదంతా రాగి మురికి. నీలం వచ్చిందంటే లోపల రాగి పేరుకున్నట్టు. డబ్బా మీదే ఉంది, చదువుతావా?"

"తెల్లగ వచ్చేదాక గుంజిన సార్."

"పైపైన గుంజితే పైపైనే వస్తుంది కదమ్మా."

"మనం వాడేవి సీసం గుళ్ళు కదా సార్," అంది సుప్రజ మెల్లగా. "రాగి ఎక్కడి నుంచి..."

"ఎప్పుడో రాగి పూత గుళ్ళు వాడుంటారు. ఏళ్ళ తరబడి పేరుకుంది." ఆయన ఆ చిందీని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మీద స్కెచ్‌పెన్నుతో '1' అని రాశాడు. "మొత్తం ఎనిమిదీ చూద్దాం. శనివారం పదకొండింటికి కమిటీ ఉంది. రైఫిళ్ళ పని బయటి ఏజెన్సీకి ఇద్దామని నా ఆలోచన. నిన్ను తీసేయరులే. హాస్టల్లో ఊడ్చే పని ఉంటుంది."

"ఫైల్ల ఏమని రాస్తరు సార్?"

ఆయన కవరు మూత నొక్కుతూ అన్నాడు. "ఉన్నదే రాయాలి కదా. నిర్లక్ష్యం అని."

ఆ మాట మామూలుగా, నీళ్ళు కావాలా అన్నంత మామూలుగా వచ్చింది. కరుణ నడుము దగ్గర పిన్నీసుకి వేలాడుతున్న తాళంచెవిని పట్టుకుంది. రైఫిళ్ళ గదికి రెండు తాళాలు. ఒక చెవి గార్డు రాజన్న దగ్గర, ఒకటి ఆమె దగ్గర ఉంటాయి.

"శనివారం ఆ చెవి కూడా తెచ్చివ్వు," అన్నాడు శశిభూషణ్, దాన్ని అప్పుడే చూసినట్టు.

*

మంగళవారం రెండో నంబరూ మూడో నంబరూ, బుధవారం ఇంకో మూడు. రెండు రోజులూ కరుణ గంట ముందే వచ్చింది. రాజన్న తన తాళం తీస్తూ, "ఏంది చెల్లె, రైఫిళ్ళకు పెండ్లి జేస్తున్నవా, గింత పొద్దుగాల నలుగు పెడ్తున్నవు?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఒక్కో రైఫిల్‌కి ఇరవై చిందీలు లాగింది. ఇరవయ్యోది మల్లెపూవులా తెల్లగా వచ్చింది. దాన్ని మడిచి ప్లాస్టిక్ డబ్బాలో దాచుకుంది.

తొమ్మిదింటికి శశిభూషణ్ వచ్చి నురగ పోశాడు, బ్రష్ దూర్చాడు. పావుగంట తర్వాత చిందీ నీలంగా వచ్చింది. రెండూ నీలమే, మూడూ నీలమే.

"ఎంత గుంజితే ఏమైంది సార్!" అంది ఆమె, తనతో తానే అన్నట్టు.

"తప్పు నీ ఒక్కదానిదే అనను. నీకెవరూ నేర్పలేదు," అన్నాడాయన. ఆ జాలి నిర్లక్ష్యం అన్న మాటకంటే లోతుగా దిగింది.

అయినా ఆ పావుగంటలు ఆమెకి వింతగా ఉండేవి. తనకి శిక్ష వేయడానికి వచ్చిన నురగే తనకి కూచునే తీరిక ఇచ్చింది. చేసేదేమీ లేదు. నురగ లోపల చిటచిటమంటూ, చెవి దగ్గర పెడితేనే వినపడేంత సన్నగా పని చేసుకుంటుంది. మెట్టు మీద కూచుని కళ్ళు మూసుకుంటే కరుణ గొట్టం లోపలికి వెళ్ళిపోయేది. అక్కడ చల్లగా ఉండేది. కాళ్ళ కింద గాళ్ళు మెట్లలా మెలికలు తిరిగేవి. చేత్తో గోడ తడుముతూ నడిచేది. ఎక్కడుంది ఆ మురికి? ఏ మలుపులో దాక్కుంది? గోడ ఎక్కడ ముట్టుకున్నా నున్నగా, నూనెగా తగిలేది. చివర వెలుగు బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి దాన్లోంచి దూది తేలుతూ లోపలికి వచ్చేది. దూరంగా తార్నాక వైపు మెట్రో పోతున్న చప్పుడుకి ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే మళ్ళీ వరండా కనిపించేది. స్కెచ్‌పెన్ను మూత తీస్తున్న చప్పుడు వినిపించేది.

బుధవారం సాయంత్రానికి బల్ల మీద ఆరు కవర్లు వరసగా ఉన్నాయి. ఆరింటిలోనూ నీలమే.

సుప్రజ వెళ్తూ వెళ్తూ ఆమె పక్కన ఆగింది. "కరుణక్కా, నా స్కోరు నీ రైఫిల్ మీదే వచ్చింది. ఆ మాట సార్‌కి చెప్పాను."

"ఏమన్నడు?"

"శుభ్రంగా ఉంటే ఇంకా బాగా వచ్చేదన్నారు."

"అయితదేమో బిడ్డా," అంది కరుణ. "నాకెర్కనా, లోపల ఏమున్నదో."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక ఆమెకి భయం వేసింది. లోపల ఏముందో సోమవారం దాకా తనకి తెలుసు. శుక్రవారం శుక్రవారం తన చేతులు చేసింది తనకి తెలుసు. మూడు రోజుల్లో ఆరు గుడ్డపేలికలు ఆ తెలిసినదాన్ని తుడిచేశాయి.

బౌద్ధనగర్‌లోని ఇంటికి చేరాక అంట్లు తోమింది. తోమిన పళ్ళెం తుడిచి, లైటు కింద ఎత్తి చూసి, మళ్ళీ తోమింది. గిన్నె అడుగున వేలు తిప్పి వేలు చూసుకుంది. బస్సు డిపో నుంచి వచ్చిన భర్త కుమార్ గడపలో నిలబడి చూస్తున్నాడు.

"ఏంది, ప్లేట్ల మొకం జూస్కుంటున్నవా? అద్దం పల్గిందా?"

"సాఫ్ ఉన్నదా జూడు."

"మస్తున్నది. అన్నం పెట్టు, ఆకలైతున్నది."

"సక్కగ జూసి చెప్పు."

అతను పళ్ళెం తీసుకుని నిజంగానే అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. పళ్ళెంలో తనే అన్నం పెట్టుకున్నాడు.

*

గురువారం పొద్దున అత్త రాములమ్మ అరుపుకి కరుణ పెరట్లోకి వెళ్ళింది.

"గిది జూడు పిల్లా! నిన్న పొద్దుగాల మజ్జిగ దాగుదమని పోస్కున్న, మర్శిన. ఎట్లయిందో జూడు."

ముసలామె చేతిలో ఆమె ఇత్తడి చెంబు ఉంది. ఇంట్లో అన్నీ స్టీలు వచ్చినా ఆమె ఆ చెంబు వదలదు. ఎండాకాలం మజ్జిగ అందులోనే తాగుతుంది. లోపల నిన్నటి మజ్జిగ విరిగి, నీళ్ళు తేలి, అంచు చుట్టూ నీలం, ఆకుపచ్చ కలిసిన వలయం కట్టింది.

"మజ్జిగ పాడైంది అత్తమ్మా, పారబోయి."

"మజ్జిగేం జేసింది? మజ్జిగ మంచిదే. చెంబుకు కళాయి వోయింది. కళాయి లేని ఇత్తడికి పుల్లటిది తగిల్తే కిలం కక్కుతది. గీ మాత్రం ఎరుక లేదా నీకు? సంసారం ఎట్ల జేస్తున్నవే?"

కరుణ చెంబు అందుకుంది. వేలితో అంచు తుడిచింది. వేలి మీద మైలుతుత్తం రంగు అంటింది.

ఆమె కదలకుండా నిలబడింది. పక్కింటి మేడ మీద ఎవరో బట్టలు జాడిస్తున్నారు. ఆ నీళ్ళ తుంపర ఎండలో మెరిసి మాయమవుతోంది. మజ్జిగ మంచిదే. కక్కింది చెంబు. మజ్జిగ తెల్లగానే ఉంటుంది, దాన్ని స్టీలు గ్లాసులో పోస్తే. నురగ...

"ఏందే, మొద్దులెక్క నిలబడ్డవు? తోమనన్న తోము, నాకన్న ఇయ్యి."

"అత్తమ్మా, ఇయ్యాల నీ కాళ్ళు మొక్కుత."

"మొక్కుదువు గని, ముందు చింతపండు తే."

చింతపండు పెట్టి చెంబు తోముతుంటే ఇత్తడి పసుపు రంగుకి తిరిగింది. కరుణ ఎప్పుడూ తోమనంత నెమ్మదిగా తోమింది. తర్వాత చీపురు కట్టలోంచి పొడుగాటి కొబ్బరి ఈనెలు నాలుగు ఏరి, నీళ్ళతో కడిగి, ఎండలో పెట్టింది. ఆ రోజు ఏడో నంబరూ ఎనిమిదో నంబరూ అయ్యాయి. ఆమె మెట్టు మీద కూచుని, నీలంగా వస్తున్న చిందీలని మొదటిసారి భయం లేకుండా చూసింది. నోరు మాత్రం విప్పలేదు. చూడకుండా మాట అనడం ఆమెకి అలవాటు లేదు.

*

శుక్రవారం శశిభూషణ్ క్లాసులు చెప్పడానికి వెళ్ళాడు. సుప్రజ ఒక్కతే వచ్చి తన గురి సాధన ముగించుకుని, కరుణ అడిగిందని నురగ డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఎంత కావాలంటే అంత వాడు అక్కా. ఏం చేస్తావు?"

"ముందు నువ్వు కూసో."

కరుణ టిఫిన్ డబ్బా స్టీలు మూతని వెల్లకిలా తిప్పి బల్ల మీద పెట్టింది. అందులో కడిగి ఆరబెట్టిన ఇత్తడి బ్రష్ పెట్టి, దాని మీద నురగ పోసింది. తెల్లటి గుట్ట లేచి బ్రష్‌ని మింగేసింది. ఆ మూత దరిదాపుల్లో రైఫిల్ లేదు.

ఇద్దరూ గోడ మీది గడియారం వైపు చూడకుండా దూది వైపు చూస్తూ కూచున్నారు. సుప్రజ తల వెనక్కి వాల్చి, "నిద్రొస్తోందక్కా ఈ వాసనకి," అంది. ఎప్పుడో మధ్యలో రెండు దూది పింజలు నురగ మీద వాలి నిలిచాయి. తర్వాత నురగ అడుగున, మూత అంచు వెంట నీలం మొదలైంది. ఎవరో చాలా మెల్లగా సిరా వంపుతున్నట్టు.

సుప్రజ లేచి నిలబడింది. "అయ్యో! బ్రష్‌దా అక్కా? ఇన్నాళ్ళూ ఇది బ్రష్‌దా? ఇత్తడిలో ఉండేది రాగే కదా! నేను కెమిస్ట్రీ చదువుతూ..."

"నీ ఇంట్ల స్టీలు గిన్నెలు గదా బిడ్డా," అంది కరుణ.

తర్వాత ఆమె మూడో నంబరు రైఫిల్ తెచ్చింది. అది అన్నిటికంటే పాతది. బోల్టు తీసి, గొట్టం కొస కాస్త కిందికి వాలేలా పెట్టి, నురగ పోసింది. బ్రష్ దూర్చలేదు. తన పాత తాడు కూడా ముట్టుకోలేదు. దాని కొసన బరువుకి కట్టిన ఇత్తడి ముక్క ఉంది. పావుగంట అయ్యాక కొబ్బరి ఈనెకి దారం కట్టి, దారానికి చిందీ కట్టి, ఈనెని గొట్టంలోంచి దూర్చి అవతల పట్టుకుని లాగింది.

గుడ్డ మీద నీలం లేదు. లేత బూడిద రంగు ఉంది, అంతే. రెండో గుడ్డ ఇంకా లేత. మూడోది తెలుపు.

సుప్రజ చప్పట్లు కొట్టింది. మెట్ల కింద కునుకుతున్న రాజన్న లేచి, "ఎవరికి మెడల్ వచ్చిందమ్మా?" అన్నాడు.

కరుణ రైఫిల్‌ని ఆకాశం వైపు ఎత్తింది. ఒక కన్ను మూసింది. గాళ్ళు మెలికలు తిరుగుతూ వెలుగు బిళ్ళ దాకా పోయాయి. అంతా మెరుపే. ఆమె నవ్వబోయి ఆగింది. రైఫిల్‌ని తిప్పి రెండోవైపు నుంచి, గుండు కూచునే వైపు నుంచి చూసింది. ఇంకోసారి చూసింది. ఈనె కొసకి రెండు మడతల చిందీ లావుగా చుట్టి, అక్కడికి మాత్రం తోసి, తిప్పింది. గుడ్డ బయటికి తీస్తే దాని మీద నల్లగా, మందంగా, కాటుక పెచ్చులాంటిది ఉంది. నురగకి మెత్తబడి ఊడి వచ్చింది. ఒక్క వారానిది కాదు, ఏళ్ళది.

"ఇదేంటక్కా?"

 కరుణ మామూలు చిందీని గుండు కూచునే చోట పెట్టి చూసింది. అది అక్కడ వదులుగా ఉంది. గొట్టం కంటే ఆ చోటు వెంట్రుకవాసి వెడల్పు. గొట్టానికి బిగుతుగా సరిపోయే పేలిక అక్కడ గోడకి రాసుకోకుండా జారిపోయేది. పందొమ్మిదేళ్ళు జారిపోయింది. గొట్టం మధ్యనించి తెల్లగా వచ్చిన గుడ్డని చూసి తను తృప్తిపడేది.

"గీడ నా చెయ్యి తగల్లేదు బిడ్డా. ఎన్నడూ."

సుప్రజ గొంతు తగ్గించింది. "అక్కా, ఇది సార్‌కి చూపించకు. నీలం సంగతి ఒక్కటి చెప్పు చాలు. నువ్వు గెలిచినట్టే. ఈ నల్లది చూపిస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

కరుణ ఆ నల్ల గుడ్డని మడిచింది. ముందు తెల్ల చిందీలు దాచుకున్న డబ్బాలో పెట్టబోయింది. మళ్ళీ తీసి పమిట కొంగున ముడేసుకుంది. బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆ ముడి మీద చెయ్యి ఉంచింది. వంట చేస్తున్నప్పుడు ముడి నుంచి ఆ మందు వాసన వస్తూనే ఉంది. పోపు వాసనకి కూడా అది పోలేదు.

*

శనివారం తొమ్మిదిన్నరకి శశిభూషణ్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. చేతిలో ఫైలు ఉంది. దాని లోపల ఎనిమిది కవర్లు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. వరండాలో బల్ల తుడిచి ఉంది. బల్ల మీద స్టీలు మూత, నురగ డబ్బా, కడిగిన బ్రష్, తాళంచెవి ఉన్నాయి.

"తెచ్చావా. మంచిది," అంటూ ఆయన తాళంచెవి వైపు చెయ్యి చాపాడు.

"సార్, జర కూసోండ్రి. పావుగంట."

"కమిటీ ఉందమ్మా."

"పదకొండింటికి గదా సార్. మీ పావుగంటలు ఎనిమిది జూసిన నేను. నాది ఒక్కటి జూడండ్రి."

ఆయన ఒక క్షణం ఆమె వంక చూసి, కుర్చీ లాక్కుని కూచున్నాడు. కరుణ బ్రష్‌ని ఆయన చేతికే ఇచ్చింది. "మీరే పెట్టుండ్రి. నేనేమన్న కలిపిన అనుకోవద్దు మీరు." ఆయన మూతలో బ్రష్ పెట్టి, తనే నురగ పోశాడు. అప్పటికి ఆయనకి ఇంకా అర్థం కాలేదు. మొహంలో పిల్లల ఆట చూస్తున్నవాడి ఓపిక ఉంది.

గాలి లేదు. దూది ఎక్కడికీ పోకుండా వరండా ముందు నిలబడినట్టు తేలుతోంది. నెమలి ఒకటి మట్టికట్ట దిగి, లక్ష్యాలు పెట్టే చోట తీరిగ్గా అటూ ఇటూ నడిచింది. ఎదురుగా సారు ఉన్నా, కరుణ స్టూలు జరుపుకుని కూచుంది. తను కూచున్న సంగతి కొంతసేపటికి గాని ఆమెకి తెలియలేదు. తెలిశాక లేవలేదు.

అడుగున నీలం మొదలైనప్పుడు శశిభూషణ్ ముందుకు వంగాడు. నీలం చిక్కబడింది. ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చూపుడువేలితో నురగని పక్కకి జరిపి, బ్రష్ కుచ్చుల మధ్య చూశాడు. ఆ వేలిని అలాగే గాలిలో పట్టుకుని ఉండిపోయాడు.

"దీన్ని నేను లోపల పెట్టి వదిలేశాను," అన్నాడు చివరికి.

కరుణ మూతని ఆయన వైపు జరిపింది.

"ఎనిమిదిసార్లు."

ఫైలు తెరిచి, ప్లాస్టిక్ కవర్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. వాటి కింద టైపు చేసిన కాగితం ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అయితే రైఫిళ్ళు శుభ్రంగానే ఉన్నాయి," అన్నాడు, అడుగుతున్నట్టూ కాదు, చెప్తున్నట్టూ కాదు.

ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. సుప్రజ మెట్టు మీద నిలబడి ఆమె వైపే చూస్తోంది, వద్దన్నట్టు తల ఊపుతోంది. తాళంచెవి బల్ల మీదే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

కరుణ పమిట ముడి విప్పింది. నల్ల పెచ్చు అంటిన గుడ్డని నీలం గుడ్డల పక్కన పెట్టింది.

"నీలం నాది గాదు సార్. గీ నలుపు నాదే."

ఆయన తలెత్తాడు.

"మూడో నంబరుది. గుండు కూసునే కాడ. చిందీ గాడ వదులయితది సార్, గోడకు తగలదు. నాకు గా సంగతి ఎరుకలే. మీ నురగ పోస్తేనే ఊడింది. మిగిలిన ఏడింట్ల గూడ ఉంటది."

శశిభూషణ్ ఆ గుడ్డని ఎత్తాడు, సోమవారం మొదటి గుడ్డని ఎత్తినట్టే రెండు వేళ్ళతో. వెలుగులో తిప్పాడు. కమిటీకి చూపించడానికి ఇది చాలు. ఇది అబద్ధం కాని గుడ్డ. కరుణకి ఆ సంగతి తెలుసు. ఆమె ఆయన చేతినే చూస్తూ కూచుంది.

"నేను పోటీలు ఆడినప్పుడు," అన్నాడాయన మెల్లగా, "నా రైఫిల్ నేనే శుభ్రం చేసుకునేవాణ్ణి. ఏడేళ్ళు." నల్ల పెచ్చుని గోటితో గీకాడు. "ఈ చోటు నేనెప్పుడూ చూడలేదు."

దాన్ని దాచడానికి ఆయన ప్లాస్టిక్ కవరు తీయలేదు. గుడ్డని బల్ల మీద, ఆమె పెట్టిన చోటే పెట్టాడు. ఫోన్ తీసి ఎవరికో, "నేను కొంచెం ఆలస్యంగా వస్తానండీ. లేదు, ఏజెన్సీ సంగతి ఇవాళ పెట్టొద్దు. నా లెక్క తప్పింది," అన్నాడు. ఫోన్ పెట్టేసి, ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు.

"నాలుగోది తెస్తావా కరుణా?"

ఆమె తాళంచెవి అందుకుంది. దాన్ని పిన్నీసుకి తగిలించుకుంది. రాజన్న తన తాళం తీశాడు, ఆమె తన తాళం తీసింది. నాలుగో నంబరు రైఫిల్ బల్ల మీదికి వచ్చింది. బోల్టు విప్పి, కొస కిందికి వాల్చి, డబ్బా సారుకి ఇచ్చింది. ఆయన నొక్కాడు. అవతలి కొసన తెల్లటి బుడిపె కనిపించింది, ఉబ్బింది, వాలింది.

మళ్ళీ పావుగంట. సుప్రజ మెట్టు మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని కునుకు తీసింది. కరుణ గొట్టంలోకి నడిచి వెళ్ళింది, ఈసారి ఆ నల్లటి చోటు నుంచే, దాన్ని తడుముకుంటూ, అక్కడ కాసేపు ఆగి.

"టైమైంది," అన్నాడు శశిభూషణ్. ఆయన చెయ్యి అలవాటుగా బ్రష్ వైపు వెళ్ళింది. దాని పైన ఆగిపోయింది.

కరుణ కొబ్బరి ఈనె అందించింది.